సోర్సు నుంచి టామ్‌క్యాట్ – 3వ పాఠం: డిపెండెన్సీల పట్టీ రాయడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీ మెషీన్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, అందులోకి అపాచీ టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) సోర్సు తెచ్చుకొని, ఏమీ సర్దకుండా నేరుగా యాంట్ (సోర్సును బిల్డ్ చేసే పనిముట్టు) నడపమన్నాను. చేసినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చేసినట్టే. చేయనివాళ్లు ఇక్కడే ఆగి, ఆ పని ముగించుకొని రండి. ఈరోజు రాయబోయేది డిపెండెన్సీల పట్టీ, అంటే బిల్డ్‌కు బయటి నుంచి కావలసినవాటి జాబితా. దానికి ముడిసరుకు మన జ్ఞాపకంలో దొరకదు, ఆ కొత్త అకౌంట్‌లో వచ్చిన ఎర్రర్లలోనే దొరుకుతుంది.

ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. సోర్సు ఫోల్డర్ పక్కన తెరిచి పెట్టుకొని చదివితే ఏది ఏ ఫైలో చూడగానే తెలిసిపోతుంది.

మెషీన్ దాచిపెట్టే సంగతి

టామ్‌క్యాట్‌ను బిల్డ్ చేసేది మావెన్ (జావా లోకంలో ఇంకో బిల్డ్ పనిముట్టు) కాదు, యాంట్. అసలు యాంట్ పుట్టిందే టామ్‌క్యాట్ కోసం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ ఈ సర్వర్‌ను బిల్డ్ చేసుకోవడానికి రాసుకున్న పనిముట్టు అది. 2000 జూలైలో విడిగా విడుదలై, తన దారిన తాను పెరిగింది. మావెన్‌లో అయితే డిపెండెన్సీల చిట్టా పోమ్ ఫైల్లో ఉంటుంది. యాంట్‌కు అలాంటి కట్టడి లేదు. ఏ జార్ (జావా క్లాసులను మూటగట్టిన ఫైలు) ఎక్కడ నుంచి తేవాలో, ఎక్కడ పెట్టాలో ప్రాజెక్టు వాళ్లే రాసుకోవాలి. టామ్‌క్యాట్ వాళ్లు దాన్ని బిల్డ్ ప్రాపర్టీస్ డిఫాల్ట్ అనే ఫైల్లో రాశారు. మనుషులు చదువుకోవడానికి బిల్డింగ్ అనే టెక్స్ట్ ఫైలు వేరే ఉంది. మనం నేర్చుకునేది ఈ రెండింటినీ చూసే.

మొదటిసారి యాంట్ నడిపినప్పుడు జార్లన్నీ నెట్ నుంచి దిగడం చూశారు కదా. అవి సోర్సు ఫోల్డర్‌లోకి రావు. బేస్ పాత్ అనే ప్రాపర్టీ ఎక్కడ చూపిస్తే అక్కడికి, మామూలుగా మీ హోమ్ డైరెక్టరీలోని టామ్‌క్యాట్ బిల్డ్ లిబ్స్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. రెండోసారి నడిపితే ఏదీ దిగదు, అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి. యాంట్ క్లీన్ కొట్టినా ఆ ఫోల్డర్ జోలికి పోదు. ఇప్పుడు మీ పాత అకౌంట్‌లో నెట్ తీసేసి బిల్డ్ నడపండి. చక్కగా అయిపోతుంది. "నా దగ్గర బాగానే బిల్డ్ అవుతోంది" అని మనం చెప్పే మాట వెనక ఉన్నది ఆ ఫోల్డరే. మనం మరిచిపోయిన ప్రతిదాన్నీ అది గుర్తుపెట్టుకొని మౌనంగా అందిస్తూ ఉంటుంది.

నాకిది తెలిసొచ్చింది చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక చోట. టామ్‌క్యాట్‌కు చిన్న మార్పు ఒకటి చేసి మేమే బిల్డ్ చేసుకునేవాళ్లం. బిల్డ్ మెషీన్ ఒక్కటే. ఒకరోజు దాని డిస్క్ పోయింది. సోర్సు భద్రంగా ఉంది, అందులో ఒక్క వరుస కూడా పోలేదు. అయినా మళ్లీ బిల్డ్ నిలబెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఎవరో ఎప్పుడో చేత్తో తెచ్చి పెట్టిన జార్లు రెండున్నాయి. అవి ఏ వెర్షనో, ఎక్కడివో రాసినవాళ్లు లేరు. అప్పటి నుంచి నేను ఏ ప్రాజెక్టులో చేరినా ముందు అడిగేది డిపెండెన్సీల పట్టీ.

ఒక్క జార్‌కు ఎన్ని వివరాలు

బిల్డ్ ప్రాపర్టీస్ డిఫాల్ట్ తెరిచి, ఎక్లిప్స్ జేడీటీ అన్న చోటికి వెళ్లండి. జేఎస్పీ పేజీలను (జావా కలిపి రాసే వెబ్ పేజీలను) జావా క్లాసులుగా మార్చేటప్పుడు టామ్‌క్యాట్ వాడే కంపైలర్ ఇది. దీన్నే ఈసీజే అంటారు. ఈ ఒక్క జార్‌కు అక్కడ ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. వెర్షన్, దాని రిలీజ్ పేరు, ఇవి రెండు. చెక్‌సమ్ (దిగిన ఫైలు సరైనదో కాదో తేల్చే విలువ) చూడాలా వద్దా, ఏ పద్ధతిలో చూడాలి, రావలసిన విలువ ఏమిటి, ఇవి మూడు. దిగాక ఏ ఫోల్డర్‌లో ఉండాలి, ఫైలు పేరేమిటి, ఇవి రెండు. చివర లొకేషన్.

లొకేషన్ దగ్గర కాసేపు ఆగుదాం. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. జేడీటీకి లొకేషన్ ఒకటి కాదు, రెండు. పైన చిన్న కామెంట్ ఉంటుంది: ఈ డౌన్‌లోడ్ ఎప్పటికైనా పాతవాటిని దాచే సర్వర్‌కు మారిపోతుంది, అందుకని ముందే చూసుకుంటున్నాం అని దాని భావం. ఎక్లిప్స్ వాళ్లు కొత్త వెర్షన్ వచ్చాక పాతదాన్ని ఆర్కైవ్‌కు తరలిస్తారు. ఈరోజు పనిచేసే లింకు రేపు పనిచేయదని రాసినవాళ్లకు తెలుసు. తెలిసినదాన్ని తమ మనసులో ఉంచుకోకుండా, తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక్క వాక్యంలో రాసిపెట్టారు. మంచి పట్టీ అంటే నాకు ముందు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

లింకులు నిజంగానే చెడిపోతాయి. 2020 జనవరి 15న మావెన్ సెంట్రల్ (జార్లు దొరికే ఆన్‌లైన్ భండారం) మామూలు హెచ్‌టీటీపీ మీద జార్లు ఇవ్వడం ఆపేసింది. హెచ్‌టీటీపీఎస్ కావాలంటూ 501 ఎర్రర్ తిరిగి పంపడం మొదలుపెట్టింది. అంతకు ముందు రోజు దాకా బిల్డ్ అయిన పాత ప్రాజెక్టులు ఒక్క అక్షరం మారకుండానే ఆగిపోయాయి. అలాంటి రోజున పట్టీలో వెర్షన్, చెక్‌సమ్ రెండూ ఉన్నవాళ్లకు ఇబ్బంది చిన్నది. జార్ ఇంకెక్కడ దొరికినా తెచ్చుకొని, చెక్‌సమ్ కలిసిందా లేదా చూసుకుంటే చాలు. లింకు మాత్రమే రాసుకున్నవాళ్లకు లింకుతో పాటు ఆ జార్ గుర్తింపు కూడా పోయినట్టే.

చెక్‌సమ్ గురించి కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. జార్ దించుకొని, తమ మెషీన్ మీద దాని చెక్‌సమ్ తీసి, అదే పట్టీలో రాసేస్తారు. దిగింది తప్పుడు ఫైలైతే ఆ తప్పుకే ముద్ర వేసినట్టవుతుంది. విడుదల చేసినవాళ్లు ప్రకటించిన విలువను తీసుకొని, దాన్ని ఎక్కడ చూశారో పక్కన రాయండి.

జార్ కాని డిపెండెన్సీలు

పెళ్లి వంటకు వంటవాళ్లు వెచ్చాల పట్టీ రాసిస్తారు. బియ్యం ఎన్ని బస్తాలు, కందిపప్పు ఎన్ని కిలోలు, నూనె ఎన్ని డబ్బాలు, అన్నీ ఉంటాయి. గాడిపొయ్యి తవ్వడానికి చోటు కావాలని మాత్రం అందులో ఉండదు. అది అందరికీ తెలిసిందే అనుకుంటారు. బిల్డ్ పట్టీల్లో తప్పిపోయేది కూడా ఇదే తరహా సరుకు.

మొదటిది జేడీకే, అంటే జావా కంపైలర్ ఉన్న పనిముట్ల కట్ట. ఇక్కడ ఒక అంకె రాస్తే సరిపోదు, రెండు కావాలి. టామ్‌క్యాట్ 9 నడవడానికి జావా 8 చాలు. టామ్‌క్యాట్ 10.1కి జావా 11 కావాలి, టామ్‌క్యాట్ 11కి జావా 17. ఇవన్నీ నడపడానికి కావలసినవి. బిల్డ్ చేయడానికి కావలసిన జేడీకే వేరు. ఉదాహరణకు టామ్‌క్యాట్ 9ని ఇప్పుడు జావా 8తో బిల్డ్ చేయలేరు, అంతకన్నా కొత్త జేడీకే ఉండాలి. కంపైలర్ కొత్తది, బయటకొచ్చే క్లాసులు మాత్రం పాత జావా మీద నడిచేవి. మీ సోర్సులో కంపైల్ రిలీజ్, బిల్డ్ జావా వెర్షన్ అనే ప్రాపర్టీలు రెండూ వెతికి, రెండు అంకెలూ రాసుకోండి. "జావా 8 కావాలి" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, చదివినవాళ్లు జావా 8 పెట్టుకొని కూర్చుంటారు.

యాంట్‌కు కూడా కనీస వెర్షన్ ఉంది. బిల్డింగ్ ఫైల్లో రెండో అంశం అదే, చూసి రాసుకోండి.

గాడిపొయ్యి లాంటిది ఇంకొకటి ఓపెన్ఎస్ఎస్ఎల్. కంపైల్‌కు దాని అవసరం లేదు. యాంట్ టెస్ట్ నడిపినప్పుడు టీఎల్ఎస్ (నెట్ మీద డేటాను గుప్తంగా పంపే పద్ధతి) సైఫర్ల పరీక్షలు కొన్ని మెషీన్‌లో ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండ్‌ను పిలుస్తాయి. ఏ కమాండ్ వాడాలో చెప్పడానికి టెస్ట్ ఓపెన్ఎస్ఎస్ఎల్ పాత్ అనే ప్రాపర్టీ ఉంది. లైనక్స్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ మామూలుగా ఉంటుంది కాబట్టి అది డిపెండెన్సీ అని మనకు తోచదు. జార్ల ఫోల్డర్ చూసి పట్టీ రాస్తే ఇలాంటివన్నీ జారిపోతాయి.

మీ కొత్త అకౌంట్ పద్ధతికి కూడా ఇక్కడే ఒక లోటుంది. హోమ్ డైరెక్టరీ ఖాళీదే కానీ, మెషీన్ మొత్తానికి వేసిన జావా, యాంట్, ఓపెన్ఎస్ఎస్ఎల్ కొత్త అకౌంట్‌కు కూడా కనిపిస్తాయి. అందుకని రెండో విడతగా ఖాళీ కంటైనర్‌లో (మెషీన్‌లోనే విడిగా తెరిచే ఖాళీ చోటు) నడపండి. ఏదీ లేని చోట మొదలుపెట్టి, ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఒక్కటే వేసి, వేసినది వెంటనే రాసుకుంటూ వెళ్లాలి. రెండు మూడు ఒకేసారి వేస్తే ఏది దేనికోసమో మళ్లీ తెలియదు.

ఏ పనికి ఏది

పట్టీలో అన్నిటినీ ఒకే వరసలో పెట్టకండి. జేయూనిట్, హ్యామ్‌క్రెస్ట్, ఈజీమాక్ పరీక్షలకు మాత్రమే. ఆబ్జెనెసిస్‌ను మనం నేరుగా వాడం, ఈజీమాక్‌కు కావాలి కాబట్టి వస్తుంది. ఈ సంగతి రాయకపోతే రేపెవరో "ఇదెవరూ వాడట్లేదు" అని తీసేస్తారు. చెక్‌స్టైల్ కోడ్ తీరు చూడటానికి, ఎగ్జిక్యూట్ వ్యాలిడేట్ ప్రాపర్టీ ట్రూ అంటేనే దాని అవసరం. ఎన్‌ఎస్ఐఎస్ విండోస్ ఇన్‌స్టాలర్ తయారీకి, అది పూర్తి రిలీజ్ చేసేవాళ్ల గొడవ. చిన్న బగ్ సరిదిద్దుదామని వచ్చిన విద్యార్థికి ఇవన్నీ ఒకేచోట కనిపిస్తే భయపడి వెనక్కి పోతారు. కంపైల్‌కు ఏమేం కావాలో ముందుగా, విడిగా రాయండి. అది చాలా చిన్న పట్టీ అని తెలిస్తే ధైర్యం వస్తుంది.

సోర్సులో కలిసిపోయినవి

ఇంకో రకం డిపెండెన్సీ ఏ డౌన్‌లోడ్ చిట్టాలోనూ కనిపించదు. టామ్‌క్యాట్ సోర్సులో డేటాబేస్ కనెక్షన్ పూల్ కోసం డీబీసీపీ, పూల్ ఉన్నాయి. ఫైళ్ల అప్‌లోడ్ కోసం ఫైల్ అప్‌లోడ్ ఉంది. క్లాసులను లోడ్ చేయకుండానే వాటిలోని యానొటేషన్లు చదవడానికి బీసెల్‌లో కొంత భాగం ఉంది. ఇవన్నీ అపాచీ కామన్స్ అనే జావా లైబ్రరీల సముదాయం నుంచి తెచ్చి, ప్యాకేజీ పేరు మార్చి పెట్టుకున్న కోడ్. మనం వేసే వెబ్ అప్లికేషన్ తన సొంత డీబీసీపీ ఇంకో వెర్షన్‌ది తెచ్చుకుంటే, రెండూ ఢీకొనకుండా ఈ ఏర్పాటు.

చూడటానికి సొంత కోడ్‌లాగే ఉంటుంది. కానీ కామన్స్‌లో భద్రతా లోపం బయటపడితే అది ఇక్కడికీ వర్తించవచ్చు. అందుకే సోర్సు ఫోల్డర్‌లో మెర్జ్ అనే టెక్స్ట్ ఫైలు ఉంచారు. ఏ కామన్స్ ప్రాజెక్టు నుంచి, ఏ కమిట్ దాకా తెచ్చి కలిపారో అందులో ఉంటుంది. చాలామంది ఆ ఫైలు తెరవరు. మీరు తప్పకుండా తెరవండి. మీ ప్రాజెక్టులో ఎవరైనా ఎక్కడి నుంచైనా కోడ్ తెచ్చి కలిపితే, ఆరోజే ఇలాంటి ఫైలు మొదలుపెట్టండి.

2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లాగింగ్ లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ప్రతి ఆఫీసులో ఒకటే ప్రశ్న: "మన దగ్గర ఉందా?" టామ్‌క్యాట్ వరకు జవాబు వెంటనే దొరికింది. తన లాగింగ్‌కు అది వాడేది జూలీ. అది జావాలో ఉన్న లాగింగ్ మీదే కట్టింది. మామూలు టామ్‌క్యాట్‌తో లాగ్4జే రాదు. ఇక టామ్‌క్యాట్ మీద నడిచే సొంత అప్లికేషన్ల సంగతి చెప్పాలంటే ఎవరి పట్టీ వాళ్ల దగ్గర ఉండాలి.

ఒక వరుస రాసి చూద్దాం

మామూలుగా కనిపించే వరుస ఇలా ఉంటుంది: "ఈసీజే – కొత్త వెర్షన్." దీంతో చదివినవాళ్లు ఏం చేయగలరు? ఇప్పుడు ఇలా మార్చి చూడండి:

"ఈసీజే. ఎక్లిప్స్ జేడీటీ కంపైలర్. జాస్పర్ (టామ్‌క్యాట్‌లో జేఎస్పీల పని చూసే భాగం) జేఎస్పీలను కంపైల్ చేయడానికి వాడుతుంది. బిల్డ్‌లో కంపైల్ దశకు కావాలి, పూర్తయిన సర్వర్‌తో పాటు కూడా వెళ్తుంది. వెర్షన్, చెక్‌సమ్: బిల్డ్ ప్రాపర్టీస్ డిఫాల్ట్‌లో జేడీటీ దగ్గర. లైసెన్స్: ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్స్, దాని పూర్తి పాఠ్యం లైసెన్స్ ఫైల్లో ఉంది. డౌన్‌లోడ్ కొన్నాళ్లకు ఆర్కైవ్‌కు మారుతుంది, అందుకే రెండు లింకులు."

వెర్షన్ అంకెను ఇక్కడ మళ్లీ రాయలేదని గమనించారా? ఒకే అంకె రెండు చోట్ల ఉంటే ఏడాది తిరక్కుండానే రెండూ తేడా వస్తాయి, ఏది నిజమో ఎవరికీ తెలియదు. అంకె బిల్డ్ చదివే ఫైల్లోనే ఉండాలి. ఎందుకు, ఎప్పుడు, ఏమవుతుంది అన్నవి మాత్రమే మన పట్టీలో ఉండాలి. ఈ మూడూ ఏ పనిముట్టూ మన తరఫున రాసిపెట్టలేదు.

ఈ వారం పని

ఖాళీ కంటైనర్‌లో టామ్‌క్యాట్‌ను కంపైల్ దాకా తీసుకెళ్లి, దారిలో వేసిన ప్రతిదానికీ పై పద్ధతిలో ఒక వరుస రాయండి. తర్వాత యాంట్ టెస్ట్ నడిపి, అదనంగా ఏమేం కావలసి వచ్చాయో వేరే భాగంగా రాయండి. ఆఫీసు నెట్ ప్రాక్సీ వెనక ఉంటే ప్రాక్సీ యూజ్, ప్రాక్సీ హోస్ట్, ప్రాక్సీ పోర్ట్ ప్రాపర్టీలను మీ సొంత బిల్డ్ ప్రాపర్టీస్ ఫైల్లో పెట్టాలి. అది కూడా పట్టీలో ఒక వరుసే.

రాశాక దాన్ని జావా కొంచెం తెలిసి, టామ్‌క్యాట్‌ను ఎప్పుడూ బిల్డ్ చేయని స్నేహితుడికో చెల్లెలికో ఇచ్చి, పక్కన కూర్చోండి. నోరు విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో ఆ చోటు గుర్తు పెట్టుకొని, ఆ వరుస తిరగరాయండి. అలా తిరగరాసిన పట్టీని దగ్గర ఉంచుకోండి, 4వ పాఠంలో జేడీటీ వెర్షన్ మార్చి, ఏమేం కదులుతాయో దాని మీదే చూస్తాం.