హెలికేస్ ఎటు నడుస్తోందో జెల్ చూసి చెప్పడం: 3వ పాఠం

డీఎన్ఏలోని రెండు పోగులు ఎదురెదురు దిశల్లో ఉంటాయనీ, ప్రతి పోగుకీ ఒక 5 ప్రైమ్ కొస, ఒక 3 ప్రైమ్ కొస ఉంటాయనీ పోయిన పాఠంలో చూశాం. ఆ కొసలు గుర్తుపట్టడం వచ్చేసుంటే ఇవాళ్టి పని సులువే. హెలికేస్ అంటే జంటగా ఉన్న పోగులని విడదీసే ఎంజైము. ఆర్కియాలో (బ్యాక్టీరియాలా కనిపించే, కానీ వాటికి వేరైన ఏకకణ జీవుల్లో) ఏ హెలికేస్ ఏ డీఎన్ఏ రిపేరుకి పనికొస్తుందో ఊహించాలంటే ముందు అది పోగు మీద ఎటు నడుస్తుందో తెలియాలి. అది జెల్ (డీఎన్ఏ ముక్కలు వేర్వేరు వేగాలతో జారి విడివిడిగా కనిపించే పలక) బొమ్మ చూసి మీరే చెప్పాలి.

ముందు తోక చూడండి. ప్రయోగంలో వాడే డీఎన్ఏ ముక్క చాలావరకు జంటగా ఉండి, ఒక చివర మాత్రం ఒక పోగు పొడుగ్గా బయటికి వచ్చి ఉంటుంది. హెలికేస్ ఎక్కేది ఆ ఒంటరి పోగు మీదే. తోక కొస 5 ప్రైమ్ అయితే, అక్కణ్ణుంచి జంట వైపు వెళ్లడమంటే 5 నుంచి 3 వైపు నడవడమే. తోక కొస 3 ప్రైమ్ అయితే దిశ తారుమారవుతుంది. జంట విడిపోయిందా లేదా అన్నది బ్యాండ్, అంటే జెల్‌లో డీఎన్ఏ కనిపించే గీత, చెబుతుంది: జంట జెల్‌లో పైన ఆగుతుంది, విడిపోయిన పొట్టి పోగు కిందికి జారుతుంది.

సల్ఫోలోబస్ అసిడోకాల్డేరియస్ అనే ఆర్కియాలోని ఎక్స్‌పీడీ అనే హెలికేస్ 5 ప్రైమ్ తోక ఉన్న ముక్కని విప్పుతుంది. దానిలో నాలుగు సిస్టీన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) పట్టి ఉంచే ఇనుము–గంధకం గుత్తి ఉందని 2006లో తేలింది. ఆ గుత్తి చెదిరిపోతే పోగులు విడదీయలేదు. మనుషుల్లోనూ ఎక్స్‌పీడీ ఉంది. అతినీలలోహిత కిరణాల వల్ల దెబ్బతిన్న చోట డీఎన్ఏని తెరవడంలో దానిది కీలకమైన పాత్ర. ఆ జీన్ పాడైతే ఎండని తట్టుకోలేని జబ్బులు వస్తాయి.

ఇక్కడ తొందరపడకండి. ఈ సూక్ష్మజీవులు 75 డిగ్రీలకు పైబడిన ఆమ్ల జలాల్లో బతుకుతాయి కాబట్టి వాటి ఎంజైములను వేడిలోనే పరీక్షిస్తారు. మరీ పొట్టి జంట అయితే ఆ వేడికే విడిపోతుంది! అందుకే ఎంజైము వేయని లేన్ (జెల్‌లో ఒక్కో నమూనా జారే వరస), ఏటీపీ (హెలికేస్‌కి శక్తినిచ్చే అణువు) వేయని లేన్ రెండూ చూడకుండా దిశ గురించి మాట్లాడకూడదు. ఆ లేన్లలోనూ కింద బ్యాండ్ ఉంటే, దాన్ని మించి ఎంత పెరిగిందన్నదే లెక్క. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఇదే.

ఇప్పుడు అభ్యాసం. హెల్308 అనే ఆర్కియా హెలికేస్ 3 నుంచి 5 వైపు నడుస్తుంది. డీఎన్ఏ కాపీ అవుతూ మధ్యలో ఆగిపోయిన ఫోర్కు (కాపీ కోసం రెండు పోగులూ విడిపోయే చోటు) బొమ్మ గీయండి. వెనకబడే పోగుకి (ముక్కలు ముక్కలుగా తయారయ్యే కొత్త పోగుకి) మూసగా ఉన్న పోగు మీద, ఫోర్కు దగ్గరున్న ఖాళీలో హెల్308ని ఎక్కించండి. అది ఎటు వెళ్తుంది?

ఆ మూస పోగు ఫోర్కు వైపు 5 నుంచి 3గా సాగుతుంది. అంటే హెల్308 ఫోర్కుకి దూరంగా, వెనక్కి నడుస్తూ కొత్తగా తయారైన పోగుని ఊడదీస్తుంది. మీ బొమ్మలో అది ముందుకి పోతే 5, 3 గుర్తులు మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠంలో రెండు పోగులూ తెగినప్పుడు పనిచేసే హెర్‌ఏ అనే మరో హెలికేస్ దగ్గరికి వెళ్దాం.