అనంతపురం ఎండలో గాలంటీన్

కోడి ఎముకలన్నీ తీసేసి, తోలు చిరగకుండా పరిచి, మధ్యలో కైమా పెట్టి చుట్టాలి. దాన్ని బట్టలో కట్టి ఎముకల రసంలో సన్నని సెగ మీద ఉడికించి, బాగా చల్లబరిచి ముక్కలు కోయాలి. ఫ్రెంచివాళ్ల గాలంటీన్ ఇదే. ఇంచుమించు ఇలాగే చేసి వేడిగా వడ్డించేదాన్ని బాలటీన్ అంటారు. గాలంటీన్ మాత్రం చల్లగానే తినాలి. బెంగళూరు హోటళ్లలో చల్లటి వంటకాల విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను: ఈ వంటను నిలబెట్టేది మంట కాదు, చల్లదనం. మన ఊళ్లో వేడికి కొదవ లేదు, చల్లదనాన్నే కొని తెచ్చుకోవాలి.

అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చేయడం మేలు. ఏప్రిల్, మే నెలల్లోనే చేస్తానంటే తెల్లవారకముందే మొదలుపెట్టండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలుసుకుని మరీ మొదలుపెట్టండి. చేపల దుకాణం నుంచి నాలుగైదు కిలోల ఐసు తెచ్చి ఉంచుకోండి. అది పాత్రలను బయటినుంచి చల్లబరచడానికే, తిండిలో కలపడానికి కాదు.

కోడిని కొనడమే సగం పని. మన చికెన్ సెంటర్లలో ఏమీ చెప్పకపోతే ఈకలతో పాటు తోలు కూడా ఒక్క గుంజుతో లాగేస్తారు. ముందే చెప్పాలి: తోలు ఉండాలి, ముక్కలు కొట్టవద్దు, కింద చిన్న కోత పెట్టి పేగులు తీయాలి, మెడ, పాదాలు విడిగా ఇవ్వాలి. ఆదివారం రద్దీలో అడిగితే విసుక్కుంటారు, మంగళవారమో బుధవారమో వెళ్లండి. శుభ్రం చేశాక రెండు కిలోలు తూగే బ్రాయిలర్ కావాలి. రాగి సంగటిలోకి నాటుకోడికి సాటి లేదు గానీ దీనికి పనికిరాదు, మాంసం తక్కువ, తోలు మొండి. పసుపు పూసి మంట మీద కాల్చే అలవాటు కూడా ఈ ఒక్కసారికి మానండి. కాలిన తోలు బిగుసుకుని చుట్టేటప్పుడు పగులుతుంది, పసుపు రంగు రసంలోకి దిగుతుంది. మిగిలిన ఈక మొదళ్లను పట్టకారుతో పీకేయండి.

కోడిని ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి తీస్తే తోలు గట్టిపడి కత్తికి లొంగుతుంది. చిన్న, మొనదేలిన కత్తి చాలు. రెక్కల చివరి రెండు కణుపులు నరికేయండి. కోడిని బోర్లా పెట్టి మెడ నుంచి తోక దాకా వెన్నెముక వెంట ఒకే గీత గీయండి. అక్కడినుంచి కత్తి అంచు ఎప్పుడూ ఎముక వైపే ఉండాలి. మాంసాన్ని కోయడం కాదు, ఎముక మీదినుంచి గీకి వదిలించడం. తొడ కీలును వెనక్కి విరిస్తే టక్కున ఊడుతుంది, ఆ సందులో కత్తి దూర్చండి. రెక్క కీలూ అంతే. రెండు వైపులా కీళ్లు వదిలాక ఒక చేత్తో అస్థిపంజరాన్ని పట్టుకుని, రెండో చేత్తో మాంసాన్ని కిందికి లాగితే చొక్కా విప్పినట్టు వస్తుంది.

ఆగాల్సింది రొమ్ము ఎముక అంచు దగ్గర. అక్కడ తోలుకూ ఎముకకూ మధ్య మాంసం ఉండదు. లాగితే చిరుగుతుంది. కత్తి మొనతో ఆ మెత్తటి ఎముక అంచునే సన్నగా కోసి, ఆ ముక్కను తోలుకే వదిలేయండి, తర్వాత తీయవచ్చు. కాళ్ల ఎముకలను లోపలి వైపు నుంచి గీకి బయటికి లాగండి. చిన్న చిరుగు పడినా భయం లేదు, సూదీ దారంతో కుట్టవచ్చు, వడ్డించేటప్పుడు ఆ దారం తీసేయాలి.

ఎముకలు, మెడ, పాదాలు, రెండు మేక కాళ్లు, ఒక ఉల్లిగడ్డ, ఒక క్యారెట్, పది మిరియాలు, ఒక బిర్యానీ ఆకు పెద్ద గిన్నెలో వేసి, మూడు లీటర్ల నీళ్లు పోసి, తెట్టు తీస్తూ నాలుగు గంటలు మరగనివ్వండి. ఫ్రెంచివాళ్లు దూడ కాళ్లు వేస్తారు. మన కాళ్ల పులుసు చల్లారాక గడ్డకట్టడం చూసినవాళ్లకు మేక కాళ్లు ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కైమా. కోడి కాళ్ల నుంచి తీసిన మాంసానికి మరికొంత బోన్‌లెస్ చికెన్ కలిపి 600 గ్రాములు చేయండి. పాలలో నానబెట్టి పిండిన రెండు బ్రెడ్ ముక్కలు, ఒక గుడ్డు తెల్లసొన, 100 మిల్లీలీటర్ల చిక్కటి క్రీమ్, 12 గ్రాముల ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు జాజికాయ, చిటికెడు లవంగం, చిటికెడు శొంఠి. అసలు పద్ధతిలో కొవ్వు కోసం పంది కొవ్వు వేస్తారు. ఆ పని ఇక్కడ క్రీమ్ చేస్తుంది. మాంసాన్ని, మిక్సీ జారును, బ్లేడుతో సహా, అరగంట ఫ్రీజర్లో పెట్టండి. విడతలు విడతలుగా ఆపి ఆపి తిప్పండి. జారు వెచ్చబడితే కొవ్వు విడిపోతుంది, ఉడికాక ముద్ద పొడిపొడిగా రాలి నీళ్లు కారుతుంది. తర్వాత తిరిగి అతకదు. క్రీమ్‌ను ఐసు మీద పెట్టిన గిన్నెలో చివర కలపండి. ఒక చెంచాడు ముద్దను వేడి నీళ్లలో ఉడికించి, చల్లార్చి రుచి చూడండి. వేడిగా చూస్తే మోసపోతారు, చల్లటి తిండిలో ఉప్పు తగ్గినట్టు తోస్తుంది. కారం వేయమని ఇంట్లో పోరు పెడతారు, వినవద్దు.

కోసినప్పుడు కనపడే రంగుల కోసం 50 గ్రాముల ఉప్పు లేని పిస్తాలను వేడి నీళ్లలో నానబెట్టి పొట్టు తీసి కలపండి. మన జిల్లా పంట కదా అని వేరుశనగ వేస్తే వేయవచ్చు గానీ, ఆ పచ్చదనం రాదు. ఫ్రాన్సులో ఉప్పులో ఊరిన నాలుక, హామ్ (ఉప్పు పట్టించిన పంది తొడ మాంసం) పట్టీలుగా కోసి పెడతారు. నేను తలకాయ అమ్మేవాడి దగ్గర పొట్టేలు నాలుక తీసుకుని, ఉడికించి పైపొర ఒలిచి వాడతాను.

పల్చటి నూలు బట్టను, పాత తెల్ల పంచె ముక్కయినా సరే, సబ్బు వాసన లేకుండా నీళ్లలో మరిగించి పరవండి. దాని మీద తోలు కిందికి వచ్చేలా కోడిని పరిచి, మందంగా ఉన్న రొమ్ము మాంసాన్ని పక్కకు చీల్చి ఖాళీలు నింపండి. సగం కైమా, దాని మీద నాలుక పట్టీలు, మిగతా కైమా. తోలు అంచులు అంగుళం మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి, బట్టను బిగించి, రెండు కొసలూ మెలితిప్పి కట్టండి. పూలు కట్టే తెల్ల నూలు దారాన్ని నాలుగు పేటలు చేసుకుంటే చాలు, నైలాన్ వద్దు.

వడగట్టిన రసంలో కట్టను ముంచి 80 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచండి. రసం వణకాలి, బుడగ రాకూడదు. మరిగితే తోలు ముడుచుకుంటుంది, కైమా గట్టిపడుతుంది. మధ్యలో గుచ్చిన థర్మామీటరు 74 చూపాలి, ఊహ మీద దించవద్దు.

రసంలోనే పూర్తిగా చల్లారనివ్వాలని పాత పద్ధతి. అనంతపురం ఎండల్లో అలా వదిలితే అది పాడవడానికే. 32 డిగ్రీలు దాటిన వేడిలో వండిన మాంసం బయట గంటకు మించి ఉండకూడదు. దింపగానే గిన్నెను ఐసు నీళ్ల తొట్టిలో పెట్టండి. చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక కట్ట తీసి, మళ్లీ గట్టిగా చుట్టండి, ఉడికి కుంచించుకున్నందుకు బట్ట వదులై ఉంటుంది. పైన పళ్లెం, దాని మీద కిలో బరువు పెట్టి వెంటనే ఫ్రిజ్‌లోకి, రాత్రంతా.

పైన పూతగా పోసే జెల్లీ కోసం, ఉడికించిన రసాన్ని కూడా ఫ్రిజ్‌లో పెట్టి, పైన పేరుకున్న కొవ్వు తీసేయండి. లీటరుకు రెండు తెల్లసొనలు గిలకొట్టి కలిపి మెల్లగా వేడి చేస్తే మడ్డి అంతా పైకి తేలుతుంది. బట్టలో వడగట్టండి. ఒక చెంచా పళ్లెంలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, గడ్డకట్టకపోతే కాస్త జెలటిన్ కలపండి. అది పాకంలా జారే దశలో కట్ట విప్పిన గాలంటీన్ మీద చెంచాతో పోసి, గట్టిపడ్డాక మళ్లీ పోయండి, మూడు పూతలు.

కత్తిని వేడి నీళ్లలో ముంచి తుడిచి, సెంటీమీటరు మందాన కోయండి. మా బంధువులు చల్లారిన కూర పెడతావా అని అడుగుతారు. పక్కన గోంగూర పచ్చడి పెడితే ఆ ప్రశ్న రాదు, ఆవపిండి ముద్ద కూడా నప్పుతుంది. పళ్లాలను ముందే ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే వేసవిలో మొదటి ముక్క తినేలోపే జెల్లీ నీరవుతుంది. మిగిలింది మూడు రోజుల్లో తినేయాలి. ఫ్రీజర్లో పెడితే కైమా నీళ్లూరి పొడిబారుతుంది.