ముందు కారు, తర్వాత రోడ్డు: ఆటిజం ఉన్నవాళ్లు డ్రైవింగ్ నేర్చుకోవాలంటే

ఆటిజం, ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవకపోవడం) ఉన్నవాళ్లు కారు నడపలేరని మా చుట్టాల్లో చాలామంది గట్టిగా నమ్మేవారు. నాకు రెండూ ఉన్నాయి. ఇప్పుడు నల్లగొండ నుంచి నకిరేకల్‌కు నా కారులోనే డ్యూటీకి వెళ్తున్నాను. మామూలుగా డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజే రోడ్డెక్కిస్తారు. క్లచ్, గేరు, అద్దాలు, ఎదురొచ్చే ఆటో, వెనక హారన్, పక్కన సార్ గొంతు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. చాలామంది బుర్ర అందులో సగం దానంతటదే పక్కన పెట్టేస్తుంది. మనది పెట్టదు. అందుకే కారును విడిగా, రోడ్డును విడిగా నేర్చుకోండి.

కారు నేర్చుకోవడానికి వెంచర్లను మించిన చోటు లేదు. ప్లాట్లు చేసి, రోడ్లు వేసి, ఇంకా ఇళ్లు లేవనివి ప్రతి ఊరి బయటా ఉన్నాయి. వాచ్‌మన్‌ను ఒక మాట అడిగి పొద్దున్నే వెళ్లండి. లర్నింగ్ లైసెన్స్ ఉండాలి, బండికి ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ ఉండాలి, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి.

మొదట క్లచ్ ఒక్కటే. ఏసీ, పాటలు బంద్. ఫస్ట్ గేరు వేసి, మడమ నేలకు ఆనించి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒక చోటికి వచ్చేసరికి ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, సీటు కింద సన్నని వణుకు తెలుస్తుంది. అక్కడే కాలు ఆపండి. బండి కదలబోతుంది. మళ్లీ నొక్కేయండి. ఆ చోటు కాలికి అలవాటయ్యేదాకా ఇంకేమీ చేయకండి. నేను దీనికే చాలా పొద్దులు ఇచ్చాను, ఒక్కటీ వృథా పోలేదు. కాళ్లూ చేతులూ ఒకేసారి కలవడం మరీ కష్టమైనవాళ్లు మొహమాటం లేకుండా ఆటోమేటిక్ కారు తీసుకోండి. మన దగ్గర కారు లైసెన్సులో గేర్ల బండి, ఆటోమేటిక్ అని తేడా ఉండదు, ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) ఒక్కటే.

నేర్పే సార్‌తో బండి ఎక్కకముందే మాట్లాడుకోవాలి. నేను ఇలా చెప్పాను: “సార్, నాకు ఒక్కసారి ఒక్క మాటే చెప్పండి. మలుపు ఇంకా దూరం ఉండగానే చెప్పండి, తిప్పేటప్పుడు ఏమీ అనకండి. కుడి, ఎడమ చేత్తో చూపించండి. తప్పు చేస్తే బండి ఆపాక చెప్పండి.” మొదట వెళ్లిన స్కూల్లో కుదరదన్నారు, మానేశాను. రెండో చోట సార్ “సరేనమ్మా, అట్లనే చేద్దాం” అన్నారు. ఒప్పుకునే మనిషి దొరికేదాకా వెతకండి. ఫీజు కంటే ఇది ముఖ్యం.

ఇక రోడ్డు. తేలికైన దారి నుంచి కష్టమైన దారికి ఒక వరుస రాసుకోండి. నా వరుసలో ముందు పొద్దున పూట పానగల్ వైపు, తర్వాత ఆదివారం ఊళ్లోకి, ఆ తర్వాత విజయవాడ హైవే, అన్నిటికంటే చివర సాయంత్రం క్లాక్ టవర్ సెంటర్. హైవే అంటే అందరికీ భయం గానీ, డివైడర్ ఉన్న రోడ్డు మీద అందరూ ఒకే వైపు పోతారు కాబట్టి నాకు ఊరికంటే అదే నయం. రాంగ్ రూట్‌లో వచ్చే బైకుల మీద మాత్రం కన్నుండాలి. వరి కోతలప్పుడు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు, కొత్తలో ఆ రోజుల్లో రాత్రి ప్రయాణం వద్దు.

దృష్టి పక్కకు పోతుంటే చూసింది పైకి చెప్పుకోండి: “ముందు ట్రాక్టర్, ఎడమ పక్క బర్రెలు, స్పీడ్ తగ్గిస్తున్నా.” నోరు పనిచేస్తుంటే మనసు రోడ్డు మీదే ఉంటుంది. హారన్లు భరించలేకపోతే అద్దాలు ఎక్కించండి. చెవులు పూర్తిగా మాత్రం మూయకండి, అంబులెన్స్ వినపడాలి.

గుండె దడ మొదలై చేతులు చెమట పడితే ఎడమ ఇండికేటర్ వేసి, వీలున్న చోట పక్కకు ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగండి. గాలి పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. దడ తగ్గేదాకా కదలొద్దు. ఆ రోజుకు ఇంటికి వెళ్లిపోయినా ఏం కాదు, కానీ వారం లోపే అదే చోటికి తోడుతో మళ్లీ వెళ్లండి. తప్పించుకున్న కొద్దీ భయం ముదురుతుంది.

లైసెన్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే ఫారం 1లో మూర్ఛ, స్పృహ తప్పడం గురించి అడుగుతారు. ఉంటే దాచకండి. మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా డోసు మారినప్పుడు, నడపొచ్చా అని డాక్టర్‌ను అడగండి. లర్నింగ్ వచ్చిన 30 రోజులకు టెస్టుకు వెళ్లొచ్చు, ఆ లైసెన్స్ 6 నెలలు ఉంటుంది కాబట్టి తొందరేం లేదు. టెస్టుకు ముందే ఒకరోజు వెళ్లి ట్రాక్, అక్కడి జనం, వరుసలో నిలబడే చోటు చూసి రండి. ముందే చూసిన చోట టెన్షన్ తక్కువ. ఫెయిల్ అయితే 7 రోజుల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు.

లైసెన్స్ వచ్చాక ఇంట్లోవాళ్లంతా ఎక్కుతామంటారు. కొన్నాళ్లు ఒక్కరినే ఎక్కించుకోండి, అదీ మాట్లాడకుండా కూర్చోగలిగేవాళ్లను. నేను మా తమ్ముణ్ణి ఎక్కించుకున్నాను. “బ్రేక్, బ్రేక్” అని అరిచే అలవాటున్న నాన్నకు ఇంకొన్నాళ్లు ఆగమని ముందే చెప్పాను, ఆయన ఏమీ అనుకోలేదు.