పాత మియాటా: టాప్ బాగానే ఉంది, కార్పెట్ తడుస్తోంది

వాన వెలిశాక సీట్ల వెనక కార్పెట్ పిండితే నీళ్లు, లోపల ముక్కిపోయిన వాసన. మొదటి రెండు తరాల మాజ్డా మియాటా (గుడ్డ టాప్ మడిచే రెండు సీట్ల కారు; ఎన్‌ఏ, ఎన్‌బీ, 2005 దాకా వచ్చినవి) కొనేవాళ్లు ఇది చూడగానే టాప్ మార్చడానికి ఎంతవుతుందని లెక్కలేస్తారు. టాప్ సంగతి తర్వాత, ముందు డ్రెయిన్లు చూడండి.

టాప్ మీద పడ్డ నీళ్లు దాని అంచు కింద కాలువలా ఉన్న రెయిన్ రైల్‌లోకి జారతాయి. అక్కణ్నుంచి సీటు బెల్టు టవర్ల (సీట్ల వెనక బెల్టులు బిగించిన స్తంభాల) దగ్గరున్న రెండు గొట్టాల్లోంచి వెనక చక్రాల ముందు నేలమీద పడాలి. ఆకులూ మట్టీ గొట్టంలో పేరుకుంటే నీళ్లు పొంగి కార్పెట్ మీదకొస్తాయి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, టార్చి పట్టుకెళ్లండి. టాప్ లాచీలు తీసి కాస్త పైకెత్తి, ఒక్కో వైపు అర లీటరు నెమ్మదిగా పొయ్యండి. కింద ధారగా పడితే సరే. చుక్కలుగా పడితే సగం పూడింది. పైనే నిలిస్తే ఆపెయ్యండి, పూర్తిగా మూసుకుపోయింది.

అసలు ముంచేది నాలుగోది: నీళ్లు చక్కగా దిగిపోతాయి, కింద మాత్రం చుక్క పడదు. గొట్టం ఊడిందో చిరిగిందో, నీళ్లన్నీ రాకర్ ప్యానెల్లోకి (తలుపు కిందుండే బోలు రేకు భాగంలోకి) పోతున్నాయి. కార్పెట్ పొడిగానే ఉంటుంది కాబట్టి అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. రేకుని తుప్పు లోపల్నుంచి తింటుంది. పెయింటు బుడగలు కనపడేసరికి లోపల మిగిలేది తక్కువ. వెనక చక్రం ముందు, ప్యానెల్ అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి. అక్కడొక్కచోటే కొత్తగా నల్ల కోటింగు ఉంటే అనుమానించాల్సిందే. చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లే ఊళ్లలో తిరిగిన కారైతే మరీను.

పూడిక తియ్యడానికి గడ్డి కోసే ట్రిమ్మర్ తీగ మీటరు ముక్క చాలు. కొస మంటకి చూపించి గుండ్రం చేసి, తిప్పుతూ మెల్లగా దించండి, పైనుంచి నీళ్లు పోస్తూ ఉండండి. బట్టల హ్యాంగర్ కమ్మీ, కంప్రెసర్ గాలి వద్దేవద్దు. మంచి గొట్టాన్ని నాలుగో రకం చేసేవి అవే. గొట్టమే పోతే రెయిన్ రైల్ విప్పాలి, ఓ పూట పని. ప్యానెల్ పోతే వెల్డింగే; ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి, లేదంటే ఇంకో కారు చూసుకోండి.

ముందు కాళ్ల దగ్గర తడైతే తలుపు అద్దం, విండ్‌షీల్డు అంచు రబ్బర్లు చూడండి. డిక్కీలో తడైతే వెనక లైట్ల గాస్కెట్లు. ఇవన్నీ బాగుంటే అప్పుడు టాప్ గురించి ఆలోచించండి.