విడిపోయాక పిల్లల సొమ్ము ఎక్కడ ఆగింది? బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలకు సమస్య - పరిష్కారం

ఇద్దరికీ రెండో పెళ్లి. ఆమెకు మొదటి పెళ్లి వల్ల ఒక బాబు, ఆయనకు ఒక పాప, ఇద్దరికీ కలిపి ఇంకో బిడ్డ. ముగ్గురిలో ఒకరికి ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో. కలిసి ఉన్నన్నాళ్లూ ఏ సొమ్ము ఎవరి పేరు మీద వస్తోందో ఎవరూ పట్టించుకోరు. విడిపోయిన నెలలోనే అన్నీ ఒక్కసారి తలకిందులవుతాయి.

ఇలాంటి తల్లుల పక్కన కూర్చుని ఫారాలు నింపీ నింపీ నాకు అర్థమైంది ఇది: ప్రతి సొమ్ముకూ వేరే యజమాని ఉంటారు. డీఎల్‌ఏ (వైకల్యం ఉన్న బిడ్డకు వచ్చే డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్) బిడ్డది. కేరర్స్ అలవెన్స్ బిడ్డను చూసుకునే మనిషిది. చైల్డ్ బెనిఫిట్ బిడ్డ ఉంటున్న ఇంటిది. యూనివర్సల్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు నెలనెలా వచ్చే ప్రభుత్వ సాయం, ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరినీ కలిపి కట్టే లెక్క. ఒక ఆఫీసుకు చెబితే మిగతావాళ్లకు అదే తెలిసిపోతుందనుకుని చాలామంది నష్టపోతున్నారు. కాబట్టి ఏ సొమ్ము ఆగినా ముందు అడగాల్సిన ప్రశ్న, "ఇది ఎవరి సొమ్ము?" అన్నదే. కింద ఇచ్చిన అంకెలు 2025-26 సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో మారతాయి, ఆ ఏటి రేటు చూసుకోండి.

అన్నిటికంటే ముందు వీసా

మీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అన్న షరతు ఉంటే ఆగండి. యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, కేరర్స్ అలవెన్స్ మూడూ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తాయి. తెలియక మీ పేరున అడిగితే రేపు వీసా పొడిగింపు దగ్గర ఇబ్బంది పడేది మీరే. భర్త వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి, హింస వల్ల బయటికి రావాల్సి వస్తే దారి వేరే ఉంది. "మైగ్రెంట్ విక్టిమ్స్ ఆఫ్ డొమెస్టిక్ అబ్యూస్ కన్సెషన్" కింద 3 నెలల అనుమతి, దానితోపాటు ఈ సాయాలు అడిగే హక్కు వస్తాయి. కానీ అది మీ ఇప్పటి వీసాను మార్చేస్తుంది కనుక, రిజిస్టరైన ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడాకే అడగండి. స్నేహితుల మాట మీద మాత్రం వెళ్లకండి. హింస ఉన్నచోట 0808 2000 247 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

"ఈ నెల యూనివర్సల్ క్రెడిట్ అంతా ఆయన ఖాతాలోకే పోయింది"

కారణం: భార్యాభర్తలది ఉమ్మడి క్లెయిమ్. మీరు విడిపోయిన సంగతి ఎవరో ఒకరు చెప్పేదాకా వాళ్ల లెక్కలో మీరు ఇంకా కలిసే ఉన్నారు. పాత ఖాతాలోకే వేస్తారు.

ఏం చేయాలి: విడిపోయిన రోజే చెప్పండి. "ఆయన చెబుతారులే" అని ఊరుకోవద్దు. మీ ఆన్‌లైన్ ఖాతాలో మార్పును నమోదు చేయవచ్చు, లేదా 0800 328 5644కు ఫోన్ చేయవచ్చు. కొత్త అడ్రసు ఆయనకు తెలియకూడదంటే ఫోన్‌లోనే చెప్పి, ఆ మాట కూడా స్పష్టంగా రాయించండి. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. అది ఉచితం, మొహమాటపడాల్సిన పని లేదు. మీ ఒక్కరి పేరు మీదే బ్యాంకు ఖాతా తెరిచి ఆ నంబరు ఇవ్వండి.

రోజులు ఎందుకు లెక్కపెట్టుకోవాలంటే, యూనివర్సల్ క్రెడిట్ నెల చొప్పున లెక్క కడుతుంది. మీ నెల 12న మొదలై 11న ముగుస్తుందనుకుందాం. మీకు రావాల్సిన సొమ్మును పెంచే మార్పు 20న జరిగి 25న చెప్పారంటే, 12వ తేదీ నుంచే లెక్కలోకి తీసుకుంటారు. 11 దాటి చెప్పారంటే ఒక నెల సొమ్ము పోయినట్టే. కొత్త క్లెయిమ్ అయితే మొదటి డబ్బు చేతికి రావడానికి దాదాపు 5 వారాలు పడుతుంది. ఈలోపు అడ్వాన్సు అడగవచ్చు. అది అప్పే, 24 నెలల్లో కోసుకుంటారు. అవసరమైనంతే తీసుకోండి.

వేరే ఇల్లు దొరక్క ఒకే కప్పు కింద విడిగా ఉంటున్నారా? అప్పుడు కూడా ఒంటరి క్లెయిమ్ కుదురుతుంది. కాకపోతే వంట, పడక, డబ్బు అన్నీ వేరని చూపించాలి. వంట కలిసే చేసుకుంటూ విడిపోయామంటే నమ్మరు.

"సవతి బిడ్డ నా దగ్గరే ఉంటున్నాడు, కానీ నాకు హక్కు లేదంటున్నారు"

మారు కుటుంబాల్లో ఎక్కువ తికమక ఇక్కడే. కన్నతల్లి కాకపోతే సొమ్ము రాదని చుట్టాలు చెబుతారు, ఒక్కోసారి ఫోన్ ఎత్తినవాళ్లూ అలాగే మాట్లాడతారు. యూనివర్సల్ క్రెడిట్ రక్తసంబంధం చూడదు. బిడ్డ మామూలుగా ఎవరి దగ్గర ఉంటున్నాడు, ఆ బిడ్డ బాధ్యత ఎవరిది, ఇవే చూస్తుంది. ఆయన ఇల్లు వదిలి వెళ్లి, ఆయన మొదటి పెళ్లి బిడ్డ మీ దగ్గరే ఉండి బడికి పోతున్నాడంటే, ఆ బిడ్డను మీ క్లెయిమ్‌లో చేర్చమని అడగవచ్చు.

ఇద్దరిళ్లలోనూ సమానంగా ఉంటే? సొమ్మును సగం సగం చేయరు, ఒక్కరికే ఇస్తారు. మీరిద్దరూ ఎవరికో తేల్చుకుంటే సరే. తేల్చుకోకపోతే ఎవరి బాధ్యత ఎక్కువో డీడబ్ల్యూపీనే (యూనివర్సల్ క్రెడిట్ ఇచ్చే ప్రభుత్వ శాఖ) నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం కాగితాల మీదే నడుస్తుంది. అందుకే నేను ప్రతి తల్లికీ ఒక గోడ క్యాలెండర్ పెట్టుకోమని చెబుతాను: బిడ్డ ఏ రాత్రి ఎక్కడ పడుకున్నాడు, హాస్పిటల్‌కు ఎవరు తీసుకెళ్లారు, బడి నుంచి ఎవరికి ఫోన్ వచ్చింది. జీపీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రసు, బడివాళ్ల ఉత్తరం, థెరపిస్టు అపాయింట్‌మెంట్లు దానికి తోడవుతాయి. వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో ఈ కాగితాలు మామూలుగానే దండిగా ఉంటాయి. ఒకచోట చేర్చుకోవడమే పని.

కుటుంబంలో ఇద్దరికి మించి పిల్లలుంటే మూడోవాడి సొమ్ము రాదన్న నిబంధన గురించి అడుగుతుంటారు. 2026 ఏప్రిల్ నుంచి దాన్ని ఎత్తేస్తామని 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు ఆ కారణంతో కాదన్నవాళ్లు మూడో బిడ్డ వివరాలు తమ క్లెయిమ్‌లో నమోదై ఉన్నాయో లేదో చూసుకోవాలి.

"చైల్డ్ బెనిఫిట్ ఆయన పేరు మీదే ఉండిపోయింది"

ఇది డీడబ్ల్యూపీది కాదు, పన్నుల శాఖ హెచ్‌ఎమ్‌ఆర్‌సీది. బిడ్డ మీతో ఉంటుంటే మీరు కొత్తగా క్లెయిమ్ వేయండి, ఆయన వదులుకునేదాకా ఆగనక్కర్లేదు. ఒకరికి ఇప్పటికే వస్తున్న సొమ్ము మార్చడానికి మీరు అడిగిన వారం తర్వాత 3 వారాలు పడుతుంది. అందుకే ఇదీ ఆలస్యం చేయకూడదు.

మారు కుటుంబాలకు ఇక్కడ ఒక మేలుంది, చాలామందికి తెలియదు. పెద్ద బిడ్డకు వారానికి 26.05 పౌండ్లు, మిగతా వాళ్లకు తలా 17.25. రెండు కుటుంబాలు ఒకటైనప్పుడు ఇల్లు మొత్తానికి ఒక్క బిడ్డకే పెద్ద రేటు ఇచ్చారు. విడిపోయాక ఏ ఇంట్లో పెద్ద బిడ్డకు ఆ ఇంట్లో పెద్ద రేటు. మీ దగ్గర ఉన్న బాబు కలిసున్నప్పుడు రెండోవాడైనా, ఇప్పుడు మీ ఇంటికి పెద్ద.

ఇంకొకటి. ఆయన జీతం ఏడాదికి 60,000 పౌండ్లు దాటడంతో, పన్ను రూపంలో వెనక్కి కట్టడమెందుకని అప్పట్లో సొమ్మే వద్దనుకున్నారా? ఐటీ ఉద్యోగాల ఇళ్లలో ఇది మామూలే. విడిపోయాక చూసేది మీ ఆదాయమే, ఆయనది కాదు. వెంటనే మళ్లీ మొదలుపెట్టమని అడగండి.

"డీఎల్‌ఏ ఇంకా ఆయనకే పడుతోంది"

డీఎల్‌ఏ బిడ్డదే. బిడ్డ తరఫున అందుకునే పెద్దవాళ్లను అపాయింటీ అంటారు. ఫారం నింపినప్పుడు ఆయన సంతకం పెట్టారు కాబట్టి ఆయన ఖాతాలోకి పోతోంది, అంతే. 0800 121 4600కు ఫోన్ చేసి బిడ్డ మీ దగ్గర ఉంటున్నాడని, అపాయింటీని మార్చాలని చెప్పండి. డీఎల్‌ఏకు మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయక్కర్లేదు, వైకల్యం మళ్లీ నిరూపించక్కర్లేదు. స్కాట్లాండ్‌లో అయితే దీని బదులు చైల్డ్ డిజెబిలిటీ పేమెంట్ ఉంటుంది, అడగాల్సింది సోషల్ సెక్యూరిటీ స్కాట్లాండ్‌ను.

మార్చాక ఆ సంగతి యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో కూడా రాయండి. బిడ్డకు డీఎల్‌ఏ వస్తుంటే యూనివర్సల్ క్రెడిట్‌లో నెలకు 158.76 పౌండ్లు, కేర్ విభాగంలో అత్యధిక రేటు ఉంటే 495.87 అదనంగా కలుస్తాయి. అది దానంతట అదే కలుస్తుందని నమ్మి ఏడాదిపాటు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. డీఎల్‌ఏను ఆదాయంగా లెక్కేసి యూనివర్సల్ క్రెడిట్ తగ్గించరు, ఆ భయం పెట్టుకోవద్దు.

"కేరర్స్ అలవెన్స్ అడిగితే ఇప్పటికే ఇంకొకరికి వస్తోందన్నారు"

ఒక బిడ్డకు ఒక్కరే కేరర్‌గా ఈ సొమ్ము తీసుకోగలరు. ఇల్లు వదిలిపోయిన మారుతండ్రి పేరు ఇంకా అందులో ఉండి ఉంటుంది. వారానికి 35 గంటలు చూసుకుంటేనే ఆయనకు అర్హత. వేరే ఊళ్లో ఉంటూ తీసుకుంటే రేపు ఆయనే తిరిగి కట్టాలి. ఈ మాట కోపంగా కాకుండా ఒక మెసేజ్‌లో రాసి పంపితే చాలాసార్లు ఆయనే ఆపేస్తారు. వినకపోతే మీ క్లెయిమ్ మీరు వేసి, బిడ్డ మీతోనే ఉంటున్నాడన్న రుజువులు జతచేయండి.

మీ అర్హత: బిడ్డకు డీఎల్‌ఏ కేర్ విభాగంలో మధ్య రేటు లేదా అత్యధిక రేటు ఉండాలి, మీ సంపాదన పన్నులు పోగా వారానికి 196 పౌండ్లు మించకూడదు. వచ్చేది వారానికి 83.30. దాన్ని యూనివర్సల్ క్రెడిట్‌లోంచి పూర్తిగా తగ్గించేస్తారు. మరి లాభమేమిటని అడుగుతారు. యూనివర్సల్ క్రెడిట్‌లో కేరర్ భాగం కింద నెలకు 201.68 పౌండ్లు కలుస్తాయి. దానికి కేరర్స్ అలవెన్స్ తీసుకుని ఉండాలనేం లేదు, 196 పౌండ్ల హద్దూ లేదు. పార్ట్‌టైమ్ ఉద్యోగం వల్ల అలవెన్స్ రాదన్నవాళ్లు ఇదైనా తప్పకుండా అడగాలి.

"పాప వాళ్ల నాన్నతో వెళ్లిపోయింది, నా సొమ్ము ఊహించినదానికంటే ఎక్కువ పడిపోయింది"

ఆ పాప భాగం తీసేయడం న్యాయమే. దానితో ఆగకుండా ఇంకా తగ్గిందంటే బెనిఫిట్ క్యాప్ తగిలి ఉండవచ్చు. పిల్లలున్న ఒంటరి తల్లికి మొత్తం సాయం గ్రేటర్ లండన్ బయట నెలకు 1,835 పౌండ్లు, లోపల 2,110.25 మించనివ్వరు. ఇంట్లో డీఎల్‌ఏ వచ్చే బిడ్డ ఉన్నన్నాళ్లూ ఈ హద్దు వర్తించదు. వెళ్లిన పాపకే డీఎల్‌ఏ వస్తుండి ఉంటే, ఆమెతోపాటు ఆ మినహాయింపూ వెళ్లిపోయింది. స్టేట్‌మెంట్‌లో "బెనిఫిట్ క్యాప్" అన్న వరుస ఉందేమో చూడండి. నెలకు 846 పౌండ్లు సంపాదిస్తే, లేదా మీకే వైకల్యం ఉండి పిప్ (16 ఏళ్లు దాటినవాళ్లకు వచ్చే వైకల్య భృతి) వస్తుంటే క్యాప్ ఉండదు. ఏడాదిగా పనిచేస్తూ ఉండి ఇప్పుడు మానేసినవాళ్లకు 9 నెలల వెసులుబాటు ఉంది. మీ దగ్గర ఉన్న ఇంకో బిడ్డకూ సమస్య ఉండి ఇప్పటిదాకా డీఎల్‌ఏ అడగకపోతే, ఇప్పుడు అడగండి.

కౌన్సిల్ సంగతి వేరే. ఇంట్లో పెద్దవాళ్లు మీరొక్కరే అయితే కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు ఉంటుంది, దాన్ని విడిగా అడగాలి.

"ఆయన పోషణ ఖర్చు ఇస్తే సొమ్ము కోసేస్తారా?"

కొయ్యరు. పిల్లల కోసం వచ్చే పోషణ ఖర్చు యూనివర్సల్ క్రెడిట్ లెక్కలోకి రాదు. చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్‌కు దరఖాస్తు రుసుము లేదు. అయితే అది కన్నతండ్రి నుంచో, చట్టప్రకారం తల్లిదండ్రులైనవాళ్ల నుంచో మాత్రమే వసూలు చేస్తుంది. మీ బాబుకు మారుతండ్రి ఇవ్వాలని అది అడగదు.

"కాదన్నారు" అని ఉత్తరం వస్తే

నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్ అడగండి, అంటే అదే నిర్ణయాన్ని మళ్లీ చూడమని. గడువు దాటినా సరైన కారణం చెప్పి అడగవచ్చు, కానీ అది తేలికైన దారి కాదు. అప్పటికీ కాదంటే ట్రిబ్యునల్. సిటిజన్స్ అడ్వైస్ ఉచితంగా సాయం చేస్తుంది. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో కాంటాక్ట్ అనే సంస్థ, ఒంటరి తల్లిదండ్రులకు జింజర్‌బ్రెడ్ ఉన్నాయి.

బిడ్డకు 16 దగ్గరపడుతుంటే ఇంకో జాగ్రత్త. ఇంగ్లండ్, వేల్స్‌లో డీఎల్‌ఏ బదులు పిప్‌కు మారమని ఉత్తరం వస్తుంది. అది పాత అడ్రసుకు, అంటే ఆయన ఇంటికి వెళ్లి అక్కడే పడి ఉంటే, గడువులోపు జవాబు రాలేదని డీఎల్‌ఏ ఆపేస్తారు. దాని వెనకే మీ కేరర్ సొమ్ము, యూనివర్సల్ క్రెడిట్‌లో బిడ్డ అదనపు భాగం, క్యాప్ మినహాయింపు ఒక్కొక్కటిగా పోతాయి. అడ్రసు మార్పును డీఎల్‌ఏ ఆఫీసుకు ఈ వారమే చెప్పండి.