ఎండాకాలంలో ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ రీలు కడిగేముందు: డెవలపర్ ఎంపిక, జాగ్రత్తలు

ఫిల్ము మీద బొమ్మని తేల్చే ద్రావణమే డెవలపర్. దాని సీసా మీదా ఫిల్ము కాగితం మీదా మామూలుగా కనిపించే డెవలపింగ్ టైములు 20 డిగ్రీల సెల్సియస్‌కి ఇచ్చినవి. ఏప్రిల్, మే నెలల్లో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వవు, తెల్లవారుజామున పట్టినా గోరువెచ్చగానే ఉంటాయి. ఐస్‌తో 20కి దించడం పెద్ద పనేం కాదు. గది 36 ఉన్నప్పుడు పదమూడు నిమిషాలపాటు 20 దగ్గరే ఉంచడం కష్టం. ఈ కాలానికి 24ని లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. డెవలపర్ కొనేటప్పుడు గ్రెయిన్ (ఫొటోలో కనిపించే చుక్కల గరుకు), షార్ప్‌నెస్ సంగతి తర్వాత. ముందు 24 దగ్గర దాని టైము ఐదు నిమిషాలు దాటుతుందో లేదో చూడండి.

ఫిల్ము కడిగే ట్యాంకులో డెవలపర్ పొయ్యడానికీ పారబొయ్యడానికీ కలిపి అరనిమిషం దాకా పడుతుంది. మొత్తం టైమే నాలుగు నిమిషాలైతే ఆ తేడా నెగటివ్ మీదకి వచ్చేస్తుంది. ఆకాశంలో చారలు పడతాయి, రీలు అంచుల్లో రంధ్రాల పక్కన ఎక్కువగా డెవలప్ అయిన పట్టీలు కనిపిస్తాయి. స్కానింగ్‌లో సరిచేద్దామన్నా అవి పోవు.

లెక్కకి ఫిల్ము కంపెనీ ఇల్‌ఫోర్డ్ చెప్పే సూత్రం చాలు: ఒక్కో డిగ్రీ పెరిగితే టైము పది శాతం తగ్గించాలి. వాళ్ల హెచ్‌పి5 ప్లస్ ఫిల్ముని 400 స్పీడు దగ్గర తీసి, వాళ్లదే ఐడి-11 డెవలపర్‌ని నీళ్లు కలపకుండా వాడితే 20 దగ్గర ఏడున్నర నిమిషాలు. 24కి వచ్చేసరికి అది ఐదు లోపే. అదే ఐడి-11ని 1+1గా, అంటే సమానంగా నీళ్లు కలిపి వాడితే 13 నిమిషాలు సుమారు ఎనిమిదిన్నర అవుతుంది. 1+3 అయితే 20 నిమిషాలు. 27 డిగ్రీలకి చేరినా తొమ్మిదిన్నర మిగులుతుంది. ఎండాకాలానికి పలచన చెయ్యడమే మందు. దానికి చెల్లించే ధర ఒకటుంది: గ్రెయిన్‌ని మెత్తబరిచే సల్ఫైట్ పలచబడి గ్రెయిన్ కొంచెం బయటపడుతుంది. 35 ఎంఎం రీలుకి కనీసం 100 మి.లీ. అసలు ద్రావణం ఉండాలి కాబట్టి 1+3కి 400 మి.లీ. పట్టే ట్యాంకు కూడా కావాలి. పేటర్సన్ కంపెనీ ఒంటి రీలు ట్యాంకులో 300 మి.లీ. పోసి కానిచ్చేస్తే నెగటివ్ పలచగా వస్తుంది, నింద మాత్రం ఫిల్ము మీద పడుతుంది.

హెచ్‌సి-110 డెవలపర్ వాడేవాళ్లు డైల్యూషన్ బి, అంటే 1+31, జోలికి ఈ మూడు నెలలూ వెళ్లకండి. హెచ్‌పి5కి 20 దగ్గరే ఐదు నిమిషాలు, 24 దగ్గర మూడుంబావు. దాన్ని సగానికి పలచన చేసి 1+63గా వాడి, టైము రెట్టింపు చేస్తే 24 దగ్గర ఆరున్నర వస్తుంది. ఇది కంపెనీ ఇచ్చిన పట్టికలోది కాదు, వాడేవాళ్లు స్థిరపరుచుకున్న పద్ధతి. కాబట్టి ముందు ముఖ్యం కాని రీలు మీద చూసుకోండి. రోలుకి 6 మి.లీ. చిక్కటి ద్రావణం తగ్గకూడదు. 6.5 మి.లీ.కి నీళ్లు కలిపి 416 మి.లీ. చేసుకుంటే సరిపోతుంది. కొలవడానికి మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి మంచిది.

1891 నుంచి ఉన్న రోడినాల్ డెవలపర్ వేడికి బెదరదు. సీసాలో కాఫీరంగుకి తిరిగినా పనిచేస్తుంది, మూత తీశాక ఏళ్లు నిలుస్తుంది. 1+50 దగ్గర హెచ్‌పి5కి 11 నిమిషాలు, 24లో ఏడుంబావు. అయితే 400 స్పీడు ఫిల్ములో గ్రెయిన్ దిట్టంగా కనిపిస్తుంది. ఎఫ్‌పి4 లాంటి 125 ఫిల్ముకి హాయిగా వాడొచ్చు.

ఎక్స్‌టాల్ డెవలపర్ గ్రెయిన్ పరంగా వీటన్నిటికంటే నాజూకు, కానీ రంగు మారకుండానే చచ్చిపోతుంది. అది బతికే ఉందో లేదో చూడటం సులువే: కత్తిరించి పారేసే ఫిల్ము మొదలుముక్కని వెలుతురులోనే కలిపిన డెవలపర్‌లో వెయ్యండి. అనుకున్న టైములో నల్లగా అవ్వాలి. బూడిదరంగు దగ్గర ఆగిపోతే ఆ ద్రావణం పారబోసెయ్యండి. పొడిగా దొరికే డి-76 డెవలపర్ అయినా రోడినాల్ అయినా రోజులు గడిచాక వాడేముందు ఈ పరీక్ష చెయ్యడం మంచిది.

పొడి ప్యాకెట్లు కొరియర్ ఎండని ద్రవాలకంటే బాగా తట్టుకుంటాయి. ప్యాకెట్‌లో సగం ఇప్పుడు, సగం తర్వాత అని విడగొట్టొద్దు; లోపలి పొళ్లు సమానంగా కలిసి ఉండవు. డి-76ని 50 దాటిన వేడి నీళ్లలో కరిగించాలి, కాబట్టి ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోండి. విడిగా రసాయనాలు కొని కలుపుకునేవాళ్లకి లీటరు లెక్క: మెటాల్ 2, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2 గ్రాములు. 750 మి.లీ. నీళ్లలో ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది కరిగాకే మిగిలిన సల్ఫైట్, ఆపైన తక్కినవి, చివర్న లీటరుకి నింపడం. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగనని మొరాయిస్తుంది. డబ్బా మీద సోడియం సల్ఫైట్ అని ఉందో, సల్ఫేట్ అని ఉందో రెండుసార్లు చదవండి. సల్ఫేట్ వేస్తే డెవలపర్ గోధుమరంగుకి తిరిగి పాడవుతుంది. పొడి కొలిచేటప్పుడు ఫ్యాను ఆపి మాస్కు పెట్టుకోవాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చెమట చేతులకి మరీను. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. వంటింటి గిన్నెలు, గరిటెలు ఈ పనికి తేవొద్దు.

బోరు నీళ్లు గట్టివైతే కలపడానికి ఆర్వో నీళ్లు వాడండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. యాసిడ్ క్యాను కాకుండా నీళ్ల క్యానే తెచ్చుకున్నారో లేదో లేబుల్ చూసుకోండి.

ఇక వేడిని అదుపులో పెట్టడం. టబ్బులో 24 డిగ్రీల నీళ్లు పోసి డెవలపర్, స్టాప్ (డెవలపింగ్‌ని ఆపేది), హైపో (బొమ్మని స్థిరపరిచేది) సీసాలన్నీ అందులో నిలబెట్టండి. ఐస్‌ని కవర్‌లో కట్టి టబ్బులో వెయ్యాలి, డెవలపర్‌లో వేస్తే పలచబడుతుంది. తెలంగాణ పొడి ఎండల్లో కుండ నీళ్లే సగం పని చేసిపెడతాయి. కోస్తా ఉక్కపోతలో కుండ అంతగా చల్లబడదు, అక్కడ ఐస్ తప్పదు. రీలు ఎక్కించిన ట్యాంకు కూడా గదిలో 35కి కాగి ఉంటుంది. మూత బిగించి పది నిమిషాలు టబ్బులో ఉంచాకే డెవలపర్ పొయ్యండి, కదిలించని సమయంలో మళ్లీ టబ్బులోనే పెట్టండి. పోసేముందు ఒకసారి, పారబోసేటప్పుడు ఒకసారి వేడి చూసి రాసుకుంటే వచ్చే రీలుకి సగటు మీద టైము సవరించుకోవచ్చు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు 32 కింద చూపించదు. వంటకి వాడే ప్రోబ్ రకం కొత్తది కొని, ఐస్ ముక్కలు నీళ్లు కలిపిన గ్లాసులో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చూడండి.

హైపో పలుకులు కరిగేటప్పుడు నీళ్లని బాగా చల్లబరుస్తాయి. అప్పుడే కలిపిన హైపోని అలాగే పొయ్యకుండా 24కి రానివ్వండి. అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది కడిగే దగ్గర: 24లో ఉన్న ఫిల్ముని తిన్నగా 34 డిగ్రీల కొళాయి కింద పెట్టేస్తారు. ఫిల్ము మీది జెలటిన్ పొర (ఎమల్షన్) ఒక్కసారిగా ఉబ్బి, ఎండిన చెరువు నేలలా సన్నటి నెర్రెలు పడుతుంది. ఇప్పటి ఫిల్ములు గట్టివే, అయినా మెత్తటి ఎమల్షన్‌వి ఉన్నాయి. పారే నీళ్లు అక్కర్లేదు: ట్యాంకు నింపి ఐదుసార్లు తిప్పి పారబొయ్యడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ ఇరవైసార్లు. ఒక రీలుకి లీటరు నీళ్లు చాలు, వాటిని ముందే టబ్బులో పెట్టుకోవచ్చు.

నీళ్లు ఎంత చేసినా 30కి దిగకపోతే పాత పద్ధతి ఒకటుంది: డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలపడం. ఇక్కడ కావలసింది సల్ఫేటే. కోడక్ వేడి దేశాల కోసం ఇచ్చిన డికె-15లో లీటరుకి 45 గ్రాములు ఉంటుంది, జెలటిన్ ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. మీ మామూలు డెవలపర్‌లో వేస్తే టైము పెరుగుతుంది, కాబట్టి ముందు పరీక్ష రీలు కడిగి చూడాలి. దానికంటే తెల్లవారుజామున అయిదింటికి లేవడం తేలిక.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్ము డబ్బా మూత గంటసేపు తెరవకండి, లోపల చెమ్మ పడుతుంది. చేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచి) చేతులు చెమర్చితే ఫిల్ముని చుట్టే ప్లాస్టిక్ రీలులో ఫిల్ము బిగుసుకుపోతుంది. బలవంతంగా తొయ్యకుండా, ఫిల్ముని ట్యాంకులో వేసి మూత పెట్టి, చేతులు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఆరబెట్టేది ఎండలో కాదు, ఫ్యాను కింద కూడా కాదు, దుమ్మంతా తడి ఎమల్షన్ మీదే అతుక్కుంటుంది. తలుపు మూసిన స్నానాలగదిలో నేల తడిపి, కింద క్లిప్పు బరువుతో వేలాడదీస్తే ఫిల్ము చుట్టుకుపోకుండా ఆరుతుంది.