లండన్‌లో బండి ఉన్న మనవాళ్ళకు: అక్టోబర్ చీకటి రాకముందే చూసుకోవాల్సినవి

అక్టోబర్ ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదింటికే చీకటి. సెప్టెంబర్‌లో చదువుకి దిగిన పిల్లల్లో చాలామంది అప్పటికే ఎవరో ఒక అన్న దగ్గర సెకండ్ హ్యాండ్ 125 సీసీ స్కూటర్ కొనుక్కుని, ఈస్ట్ హామ్‌లోనో హౌన్‌స్లోలోనో ఇంటి ముందు రోడ్డు మీదే పెడుతుంటారు. బండిని దొంగలు ఎత్తుకుపోయాక ఏం చేయాలని అడిగేవాళ్ళే ఎక్కువ. నిజానికి అప్పుడు చేయగలిగింది కొంచెమే. ఇన్సూరెన్స్ డబ్బు చేతికొస్తుందా రాదా అన్నది బండి ఇంకా మన దగ్గర ఉన్న రోజుల్లోనే తేలిపోతుంది.

మన ఊళ్ళో హ్యాండిల్ లాక్ వేసి తాళంచెవి జేబులో పడేస్తే నిశ్చింత. ఇక్కడ ఆ లాక్ లెక్కలోకే రాదు. హ్యాండిల్‌ని కాలితో గట్టిగా ఒక్క తన్ను తన్నితే లోపలి పిన్ను విరిగిపోతుంది. తర్వాత ఒకడు మీ బండెక్కి కూర్చుంటాడు, ఇంకొకడు వెనక మరో స్కూటర్ మీద వస్తూ కాలితో తోసుకుపోతాడు. ఇంజన్ స్టార్ట్ చేయాల్సిన పని కూడా ఉండదు. చూసేవాళ్ళకి పెట్రోల్ అయిపోయిన ఫ్రెండ్‌కి సాయం చేస్తున్నట్టే ఉంటుంది.

అందుకే లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఏళ్ళ తరబడి మూడు మాటలే చెబుతున్నారు: లాక్, చైన్, కవర్. ముందు చక్రానికి డిస్క్ లాక్. వెనక చక్రంలోంచి, వీలైతే ఫ్రేమ్‌లోంచి కూడా మందపాటి చైన్ దూర్చి, కదలని దేనికైనా కట్టాలి. ముందు చక్రానికి మాత్రమే చైన్ కడితే ఆ చక్రాన్ని అక్కడే వదిలేసి మిగతా బండి పట్టుకుపోగలరు. చైన్ నేలకు ఆనకుండా బిగువుగా ఉండాలి. నేల మీద వేలాడే చైన్‌ని కోయడం తేలిక, నేలే వాళ్ళకు దన్నుగా పనికొస్తుంది. లాక్ కొనేటప్పుడు సోల్డ్ సెక్యూర్ (లాక్‌లను పరీక్షించే సంస్థ) రేటింగ్ చూడండి, అందులోనూ మోటార్‌సైకిల్ విభాగంలో ఇచ్చిన గోల్డ్ లేదా డైమండ్ చూడండి. సైకిల్ లాక్‌కి కూడా గోల్డ్ ఉంటుంది, అది వేరు. ఇనుము కోసే గ్రైండర్ పట్టుకొచ్చినవాడిని ఏ చైనూ పూర్తిగా ఆపలేదు. కానీ గ్రైండర్ శబ్దం చేస్తుంది, టైమ్ తీసుకుంటుంది, పక్కన తేలిగ్గా దొరికే బండి ఉంటే వాడు అటే పోతాడు. ఇక కవర్ సంగతి చూసి చాలామంది నవ్వుకుంటారు గానీ, కింద ఉన్నది హోండా పీసీఎక్స్ లాంటి మంచి స్కూటరో పాత డొక్కు బండో తెలియకపోవడమే సగం రక్ష.

ఇంటి ముందు జాగా ఉంటే నేలలో యాంకర్ బిగించుకోవచ్చు, ఓనర్ ఒప్పుకుంటేనే. బయటికి వెళ్ళినప్పుడు చైన్ కట్టడానికి ఇనుప కడ్డీలున్న మోటార్‌సైకిల్ బేలు (బైక్‌లకు కేటాయించిన పార్కింగ్ జాగాలు) కొన్నిచోట్ల ఉంటాయి. నాలుగడుగులు ఎక్కువ నడవాల్సి వచ్చినా అక్కడే పెట్టండి.

ఎత్తుకుపోయిన బండిని చాలాసార్లు వెంటనే ఇంటికి తీసుకుపోరు. రెండు మూడు వీధుల అవతల ఏ ఫ్లాట్ల వెనకో ఒకటి రెండు రోజులు పెట్టి, బండిలో దాచిన ట్రాకర్ చూసుకుని ఎవరైనా వస్తారేమో చూస్తారు. ట్రాకర్ పనికొచ్చేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ చవక, కానీ తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే మెసేజ్ పోతుంది. అది ఉన్నా మంచిదే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

శుక్రవారం సాయంత్రం ఏ బిర్యానీ హోటల్ ముందైనా నిలబడి చూడండి. ఒక కుర్రాడు స్కూటర్ ఆపుతాడు, ఆర్డర్ రెడీగా ఉందన్న ధైర్యంతో ఇంజన్ ఆపకుండా, తాళంచెవి తీయకుండా లోపలికి పరుగెత్తుతాడు. కౌంటర్ దగ్గర ముప్పై సెకన్ల పని. ఆ ముప్పై సెకన్లలో బండి పోతే కేవలం బండే పోదు, క్లెయిమ్ కూడా పోతుంది. తాళంచెవి బండికే వదిలేసి దూరంగా వెళ్తే దొంగతనానికి డబ్బివ్వం అని దాదాపు అన్ని పాలసీల్లోనూ రాసి ఉంటుంది. తర్వాత క్లెయిమ్‌లో అడిగేది కూడా అదే: రెండు తాళంచెవులూ చూపించండి అంటారు. కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు రెండో తాళంచెవి అడిగి తీసుకోండి. రెండోది లేదని అమ్మేవాళ్ళంటే ఆ మాట మెసేజ్‌లోనైనా రాయించుకోండి.

ఇన్సూరెన్స్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. థర్డ్ పార్టీ మాత్రమే తీసుకుంటే బండి పోయినప్పుడు రూపాయి రాదు. దొంగతనానికి కనీసం థర్డ్ పార్టీ, ఫైర్ అండ్ థెఫ్ట్ ఉండాలి. అది ఉన్నా సరే, ఫామ్‌లో నింపిన వివరాలు నిజం కావాలి. రాత్రి బండి ఎక్కడ పెడతారని అడుగుతారు. ప్రీమియం తగ్గుతుందని గ్యారేజ్ అని టిక్ పెట్టి రోడ్డు మీద పెట్టడం, వేరే ఊళ్ళో ఉండే కజిన్ పోస్ట్‌కోడ్ ఇవ్వడం, ఇల్లు మారి కంపెనీకి చెప్పకపోవడం, ఇవన్నీ బండి పోయిన రోజే బయటపడతాయి. ఫుడ్ డెలివరీ చేస్తే మామూలు పాలసీ పనికిరాదు, హైర్ అండ్ రివార్డ్ (డబ్బుకి డెలివరీ చేసేవాళ్ళ కోసం ఉండే) కవర్ విడిగా తీసుకోవాలి. ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పాలి: స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు, యాప్‌ల డెలివరీ పని ఎక్కువగా ఆ కోవలోకే వస్తుంది. ఇంకొకరి అకౌంట్ అద్దెకు తీసుకుని తిరిగే పిల్లలు బండి పోయాక పోలీసులకు చెప్పాలన్నా, క్లెయిమ్ వేయాలన్నా భయపడి ఊరుకుంటున్నారు. ఆ పరిస్థితి తెచ్చుకోకపోవడమే మంచిది.

వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో సగం ధరకే పాలసీ ఇప్పిస్తామనేవాళ్ళను నమ్మకండి. పీడీఎఫ్ చూడటానికి అచ్చం నిజమైనదిలాగే ఉంటుంది, కంపెనీలో మాత్రం మీ పేరే ఉండదు. పాలసీ తీసుకున్న కొద్ది రోజులకు మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో వెబ్‌సైట్‌లో మీ బండి నంబర్ కొట్టి చూసుకోండి. బండి దొంగతనం సంగతి అలా ఉంచి, ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల ఫైన్, లైసెన్స్‌పై 6 పాయింట్లు, బండి కూడా పట్టుకుపోతారు. “తమ్ముడూ, ఒక్కసారి నీ బండి ఇవ్వవా” అని రూమ్మేట్ అడిగినా, పాలసీలో అతని పేరు లేకపోతే ఇదే లెక్క.

లైసెన్స్ సంగతి రెండు ముక్కల్లో: ఇండియా లైసెన్స్ ఇక్కడ స్థిరపడ్డాక 12 నెలలే చెల్లుతుంది. తర్వాత ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్స్‌తో సీబీటీ అనే తప్పనిసరి ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి 125 సీసీ వరకు ఎల్ ప్లేట్లతో నడపొచ్చు, ఆ సర్టిఫికెట్‌కు రెండేళ్ళ గడువు.

కాగితాల్లో ముఖ్యమైనది వీ5సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, అందరూ లాగ్‌బుక్ అంటారు. అది ఓనర్‌షిప్‌కు రుజువు కాదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. అందుకే కొన్నప్పుడు డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి, రసీదు రాయించుకోండి. కొనేముందు ఫ్రేమ్ మీద కొట్టిన వీఐఎన్ (ఛాసిస్) నంబర్ లాగ్‌బుక్‌లో ఉన్నదానితో సరిపోయిందో లేదో చూడాలి. లాగ్‌బుక్ తర్వాత పంపిస్తానన్న బండి ఎంత చవకైనా వద్దు. అది దొంగబండి అయితే పోలీసులు తీసుకుపోతారు, మీ డబ్బు ఎవరూ ఇవ్వరు. ఇల్లు మారినప్పుడల్లా డీవీఎల్ఏలో (బండ్ల రిజిస్ట్రేషన్, లైసెన్స్‌లు చూసే ప్రభుత్వ సంస్థ) అడ్రస్ మార్చుకోవాలి, మార్చకపోతే 1,000 పౌండ్ల వరకు ఫైన్ వేయొచ్చు. లాగ్‌బుక్, రసీదు, పాలసీ, వీఐఎన్, లాక్‌ల బిల్లు, బండి ఫోటోలు అన్నీ ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. సీటు కింద డిక్కీలో మాత్రం లాగ్‌బుక్ పెట్టకండి, బండితో పాటు అదీ పోతుంది.

పొద్దున్నే లేచి చూస్తే బండి లేదనుకోండి. ముందు కౌన్సిలో పోలీసులో ఎత్తుకెళ్ళారేమో చూడండి. లండన్‌లో అలా తీసుకెళ్ళిన బండ్ల వివరాలు ట్రేస్ అనే సర్వీస్‌లో దొరుకుతాయి. అక్కడ లేకపోతే 101కి (అత్యవసరం కాని పోలీసు నంబర్) ఫోన్ చేయండి, లేదా పోలీసుల వెబ్‌సైట్‌లో రిపోర్ట్ చేయండి. కళ్ళ ముందే తీసుకుపోతుంటే అత్యవసర నంబర్ 999. అప్పుడు కూడా అడ్డం పడకండి, వెంటపడకండి. గ్రైండర్ పట్టుకున్నవాడు దాన్ని మీ మీదకు ఎత్తడని గ్యారంటీ లేదు. ట్రాకర్ ఎక్కడో చూపిస్తే లొకేషన్ పోలీసులకే ఇవ్వాలి.

పోలీసుల నుంచి క్రైమ్ రిఫరెన్స్ నంబర్ రాగానే అదే రోజు ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేయండి. లోన్ మీద కొన్న బండైతే ఫైనాన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. బండి లేదని ఈఎంఐ ఆపేస్తే క్రెడిట్ రికార్డ్ పాడవుతుంది. క్రైమ్ రిఫరెన్స్ నంబర్ జాగ్రత్తగా దాచుకోండి. దొంగ మీ ప్లేట్‌తో తిరిగి బస్ లేన్‌లోనో యులెజ్‌లోనో (పొగ ఎక్కువ వదిలే బండ్లు ఛార్జీ కట్టాల్సిన ప్రాంతం) ఫైన్ తెచ్చిపెడితే ఆ నోటీసు మీ ఇంటికే వస్తుంది, దాన్ని సవాలు చేయడానికి అదే ఆధారం. కొద్ది రోజులకే కేసు మూసేశామని పోలీసుల నుంచి మెయిల్ వస్తే బెంబేలెత్తకండి. సీసీటీవీ, సాక్షులు లేకపోతే తరచూ అలాగే అవుతుంది, దానివల్ల క్లెయిమ్ ఆగదు.

కొన్నాళ్ళకు ఏ సందులోనో మీ బండి మీకే కనిపించిందనుకోండి. సంతోషంలో ఎక్కి నడిపేయకండి. పోలీసు రికార్డుల్లో అది ఇంకా దొంగబండే, కెమెరాలో నంబర్ పడితే మిమ్మల్నే ఆపుతారు. ముందు వాళ్ళకు చెప్పండి. వాళ్ళే యార్డుకు తరలిస్తే తెచ్చినందుకు, రోజుకింత చొప్పున పెట్టుకున్నందుకు ఛార్జీలు ఉంటాయి, ఓనరైనా సరే కట్టాల్సిందే. కట్టేముందు ఇన్సూరెన్స్‌ను అడగండి.

బండి దొరక్కపోతే కంపెనీ ఇచ్చేది మీరు కొన్న ధర కాదు, పోయిననాటి మార్కెట్ విలువ, అందులోంచి ఎక్సెస్ (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన మొత్తం) తీసేస్తారు. ఆ డబ్బు వచ్చాక డీవీఎల్ఏకు తెలియజేస్తే మిగిలిన నెలల రోడ్ ట్యాక్స్ వాపసు వస్తుంది. మరీ తక్కువ లెక్క కట్టారనిపిస్తే అదే మోడల్, అదే ఏడాది బండ్ల ప్రకటనలు పంపి వాదించండి. కంపెనీ తుది జవాబు నచ్చకపోయినా, ఎనిమిది వారాలైనా తేల్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు, దానికి ఫీజు లేదు.

ఇక సంక్రాంతికి ఇండియా వెళ్ళేవాళ్ళకు. నెల రోజులు బండి వాడనని ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఆపేసి రోడ్డు మీద వదలడం కుదరదు. అలా ఆపాలంటే సార్న్ (బండి రోడ్డు మీద లేదని డీవీఎల్ఏకు ఇచ్చే ప్రకటన) పెట్టి, బండిని సొంత ఆవరణలోకి తీసుకెళ్ళాలి. రోడ్డు మీదే ఉంచేటట్లయితే రెండూ నడవాలి. వెళ్ళేముందు రెండు లాక్‌లూ వేసి, కవర్ కప్పి, ఎన్ని రోజులు బండిని వదలొచ్చో పాలసీలో చూసుకోండి. రోజూ ఆ వీధిలో నడిచే ఒకరికి బండి ఉందో లేదో చూడమని చెప్పండి. ఒక తాళంచెవి మీతో తీసుకెళ్ళండి, రెండోది ఆ చూసేవాళ్ళకు ఇవ్వొద్దు, ఇంట్లో తాళం వేసి పెట్టండి.